గూట్లో ఎర్ర ముక్కోణం సీసాకి

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇళ్లల్లో అలవాటు. నీకు రాసే ఉత్తరంలో ఆ మాట కుదరదు. నువ్వు కుశలంగా ఉన్న ఇంట్లో మిగతావాళ్ల కుశలానికి పూచీ లేదు.

మా పల్నాడులో నిన్ను మందు అంటారు. జ్వరమొస్తే మింగేదీ మందే, పొద్దుగూకాక బెల్టుషాపు దగ్గర పోయించుకునేదీ మందే, పత్తికీ మిరపకీ కొట్టేదీ మందే. "మా ఆయన మందు కొడుతున్నాడు" అని ఎవరన్నా అంటే ఎక్కడ కొడుతున్నాడో కూడా అడిగి తెలుసుకోవాలి. చంపడమే నీ వృత్తి అని తెలిసి కూడా నీకు ధన్వంతరి ఇంటిపేరు పెట్టాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటాను. మిగతా లెక్క నీతో తేల్చుకోవాలి.

మా ఇంట్లో నీ చోటు బాగా గుర్తు. వంటింటి తలుపు పక్కన గోడలో గూడు. ఒక పక్క కిరసనాయిలు బుడ్డి, ఇంకో పక్క ఆముదం సీసా, వెనకాల పోయినేటి పంచాంగం. మధ్యలో నువ్వు, మూతకి గుడ్డపేలిక చుట్టుకుని, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా. నీ చీటీ మీద పుర్రె బొమ్మ, దాని కింద ఎర్ర ముక్కోణం. ఎరుపంటే అన్నిటికన్నా ఘోరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాకు నర్సింగ్‌లో చేరాక తెలిసింది. మా నాయనమ్మకి చదువు రాదు. వచ్చినా చీమ తలకాయలంత ఆ అక్షరాలు ఆవిడకి కనిపించేవి కావు. కుళ్లిన వెల్లుల్లి లాంటి వాసన ముక్కుకి తగిలితే నువ్వని పోల్చుకునేది. "ఆ గూటి జోలికి పోబాకండి" అనేది మా అమ్మ. ఇంటిల్లిపాదికీ నీ నుంచి ఉన్న కాపలా ఆ ఒక్క మాటే.

నేను 27 ఏళ్లుగా నర్సుని. సగం కాలం మెడికల్ వార్డులో గడిచింది, మిగతా సగం ఐసీయూలో. నీ చేతిలో పడి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో నేను లెక్కపెట్టలేదు. నా కుడిచేతి బొటనవేలు లెక్కపెట్టింది. ఎట్రోపిన్ ఇంజెక్షను గాజు ఆంప్యూల్‌లో వస్తుంది. దాని మెడ విరిచేటప్పుడు కోసుకుపోయిన గీతలు ఇప్పటికీ ఆ వేలి మీద ఉన్నాయి. ఆధార్ కార్డుకి వేలిముద్ర పడక రెండుసార్లు తిరగాల్సొచ్చింది. అదీ నీ పద్దులోనే రాసుకో.

అసలు సంగతికి వస్తాను. నువ్వు ఒక మనిషి దగ్గరికి ఒక్కసారి రావు. మొదటి రోజు వస్తావు, మూడో రోజు వస్తావు, మూడో వారం వస్తావు. మేమేమో మొదటి రాకకే తలుపులేసుకుని, ఆ పూట గడిస్తే గండం గడిచిందనుకుంటాం. ఈ తెలివితక్కువతనానికి మా ఇంట్లోనే మూల్యం చెల్లించాం కాబట్టి, చెప్పే హక్కు నాకుంది.

1998. నేను నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఓరుగల్లు వైపు పత్తిరైతుల చావులు రోజూ పేపర్లో వచ్చే కాలం. మా వైపు కూడా పురుగు దేనికీ లొంగలేదు. ఒక మందుకి చావకపోతే రెండు కలిపి కొట్టారు, రెంటికీ చావకపోతే మూడు. ఏం కొట్టాలో చెప్పేది మందుల షాపువాడు. అప్పు అతనిదే, సలహా అతనిదే, సరుకూ అతనిదే. ఒకరోజు సాయంత్రం మా బాబాయి మందు కొడుతూ పడిపోయాడని కబురొచ్చింది. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను. పరిగెత్తాను.

ట్రాక్టరు తొట్టిలో పడుకోబెట్టి ఉన్నాడు. నోటి వెంట నురగ, కళ్ల వెంట ముక్కు వెంట నీళ్లు, ఒళ్లంతా చెమట. పంచె తడిసిపోయింది. కంటిపాప గుండుసూది మొనంత అయింది. చర్మం కింద కండలు అక్కడక్కడా అదురుతున్నాయి, లోపల ఏవో పాకుతున్నట్టు. పురుగుల్ని చంపుతానని వచ్చి మనిషి ఒంట్లో పురుగుల్ని పాకిస్తావన్నమాట. ఛాతీ మీద చెవి పెడితే హుక్కా పీలుస్తున్న చప్పుడు. వాంతికని చింతపండు రసం పోశారు, అది చాలదని సబ్బునీళ్లు పోశారు. స్పృహ సరిగా లేని మనిషికి పోసినవి పొట్టలోకన్నా ఊపిరితిత్తుల్లోకే ఎక్కువ పోతాయి. బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి బండెక్కించాలి. అంతే చెయ్యాలి. ఆ అంతే చెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. ఏదో ఒకటి తాగించకపోతే ఏమీ చెయ్యనట్టే ఉంటుంది మనవాళ్లకి.

సాగర్ కాలవ కింద సేద్యం చేసేవాళ్లకి నువ్వు చేసే పని చెప్పడం తేలిక. నరం చివర ఒక తూము ఉంటుంది. మెదడు నుంచి కబురొచ్చినప్పుడల్లా తూము తెరుచుకుని ఎసిటైల్‌కోలిన్ అనే రసం కండ మీదికి వస్తుంది, కండ బిగుస్తుంది. పనైపోగానే ఆ తడిని క్షణంలో మురుగుకాలవకి వదిలేసే లస్కరు ఒకడున్నాడు, కోలినెస్టరేజ్ అని. నువ్వు కాలవ జోలికి పోవు, తూము జోలికి పోవు. నేరుగా పోయి ఆ లస్కరు చేతులు కట్టేస్తావు. ఇక నీళ్లు రావడమే కానీ పోవడం ఉండదు. గ్రంథులన్నీ పొంగుతాయి. గుండె నెమ్మదిస్తుంది. ఊపిరితిత్తులు వాటి నీటిలో అవే మునుగుతాయి. కండలు మొదట అదిరి అదిరి, తర్వాత నీళ్లు నిలిచిన మడిలో నారు కుళ్లినట్టు చచ్చుబడతాయి. మెదడులోనూ ఇదే వరస. కలవరింత, మూర్ఛ, ఆ తర్వాత కోమా.

నీ జాతకం కూడా చదివాను. నరాల మధ్య కబుర్లు మోసేది ఒక రసమని కప్ప గుండె మీద ప్రయోగంతో 1921లో చూపించినవాడు ఒట్టో లోవీ. ఆయనకీ హెన్రీ డేల్‌కీ కలిపి 1936 డిసెంబరులో నోబెల్ బహుమతి ఇచ్చారు. అదే డిసెంబరులో, జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనవేత్త పురుగుల్ని చంపే పదార్థం కోసం వెతుకుతూ టాబున్ తయారుచేశాడు. బల్ల మీద ఒక బొట్టు ఒలికితే తనకే చూపు మసకబారి ఊపిరి బిగబట్టేసింది. సైన్యం ఆ సీసాని ఎత్తుకుపోయింది. రెండేళ్లకి సారిన్ వచ్చింది. అంటే ఆ రసం గొప్పతనాన్ని లోకం సన్మానిస్తున్న నెలలోనే దాని లస్కరు చేతులు కట్టే తాడు పుట్టింది. 1995లో టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ వదిలినప్పుడు అక్కడి డాక్టర్లు వాడిన ఇంజెక్షన్లు, మా వార్డులో రోజూ వాడే ఇంజెక్షన్లు ఒకటే. అక్కడ అది ప్రపంచ వార్త. మా దగ్గర నైట్ డ్యూటీ.

బాబాయిని దగ్గరి టౌనులో ఒక నర్సింగ్ హోముకి చేర్చాం. ఎట్రోపిన్ మొదలుపెట్టారు. అది బెల్లడోనా మొక్క సరుకు. మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలో కూడా ఉన్నదే. ఉమ్మెత్త తింటే నోరెండి, కళ్లు పెద్దవై, పిచ్చిపట్టినట్టు ఆడతారని అందరికీ తెలుసు. ఆ పిచ్చే నీకు విరుగుడు. అది లస్కరు కట్లు విప్పలేదు కానీ, నీళ్లు గ్రంథుల్నీ ఊపిరితిత్తుల్నీ ముంచకుండా గట్టు కడుతుంది.

ఆ గట్టు కట్టడంలోనే మేము చాలా ఏళ్లు పొరపాటు చేశాం. కంటిపాప పెద్దదైతే చాలు, మందు సరిపోయింది అనుకునేవాళ్లం. చూడాల్సింది కంటిపాప కాదు, ఛాతీ. లోపల ఆ గురగుర ఆగిందా, గుండె నిమిషానికి 80 దాటిందా, రక్తపోటు నిలిచిందా. పెద్దవాళ్లకి 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అయిదేసి నిమిషాలకి ఛాతీ తేటపడకపోతే ముందు ఇచ్చినదానికి రెట్టింపు. మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. మా దగ్గర ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాము. ఇప్పుడు లెక్కేసుకో. నాలుగు దఫాలకి 45 మిల్లీగ్రాములు, అంటే పావుగంటలో 75 ఆంప్యూళ్ల మెడలు విరవాలి. నా బొటనవేలు కథ అది. ఛాతీ తేటపడ్డాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా గంటకి చొప్పున చుక్కలుగా ఎక్కిస్తారు. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ ఆసుపత్రి వాళ్లు ఈ రెట్టింపు పద్ధతినీ పాత పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసి 2012లో ప్రచురించారు. పాత పద్ధతిలో నూటికి 22 మందికి పైగా పోతే, కొత్త పద్ధతిలో 8 మంది. కొత్త యంత్రం రాలేదు, ఖరీదైన మందు రాలేదు. అవే ఆంప్యూళ్లని లెక్క ప్రకారం, గబగబా విరిచారు. అంతే తేడా.

గట్టు మరీ ఎత్తు కట్టినా కష్టమే. ఒళ్లు కాలిపోతుంది, మనిషి గాల్లో లేని దారాలు లాగుతుంటాడు, దుప్పటి పీకుతాడు. ఒకాయన తెల్లార్లూ మంచం మీద కూర్చుని గాల్లో వేరుశనగకాయలు వలిచి నా చేతిలో పోశాడు. నేనూ తీసుకుని జేబులో వేసుకున్నాను. తీసుకోకపోతే మంచం దిగుతున్నాడు మరి.

లస్కరు కట్లు విప్పేది వేరే ఉంది, ప్రాలిడాక్సిమ్. మేము పామ్ అంటాం. చిక్కేమిటంటే నువ్వు వేసిన ముడి గంటలు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది. మోనోక్రోటోఫాస్, డైమెథోయేట్ లాంటి నీ చుట్టాలు వేసిన ముడులు నాలుగు గంటలు తిరక్కముందే సగం విప్పరానివవుతాయి. క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వేసినవాటికి ఒక రోజుకి పైగా గడువు ఉంటుంది. అందుకే "ఏ మందు? సీసా తెచ్చారా?" అని మేము గొంతు చించుకుని అడిగేది. బంధువులేమో కేసవుతుందని సీసాని కాలవలో విసిరేసి వస్తారు. పామ్ ఎంత మేలు చేస్తుందన్న దాని మీద డాక్టర్లలోనే రెండు పక్షాలు. మహారాష్ట్రలో బారామతి డాక్టర్లు ఎక్కువ మోతాదు రెండు రోజులు ఆపకుండా ఎక్కిస్తే మేలు కనిపించిందని 2006లో రాశారు. శ్రీలంకలో చేసిన పరీక్షలో మేలు కనిపించలేదని 2009లో వచ్చింది. మూర్ఛలకి డయాజిపామ్ అన్నదగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు.

బాబాయికి తెల్లారేసరికి తెలివొచ్చింది. రెండో రోజు ఇడ్లీ తిన్నాడు. పచ్చడి బాగాలేదని నర్సుతో పోట్లాట కూడా పెట్టుకున్నాడు. గండం గడిచింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం ఇంకెవరికో కావాలి. మాకు బిల్లు పెరుగుతోంది. ఎవరూ కాదనలేదు.

మూడో రోజు పొద్దున, మా ఇంటి పంచలో నవారు మంచం. కాఫీ ఇస్తే మింగలేకపోయాడు, ముక్కులోంచి వచ్చింది. రెప్పలు వాలిపోతున్నాయి. మందుల మత్తు అన్నారు అందరూ. సిగ్గుపడాల్సిన సంగతి, మరో మూడు నెలల్లో నర్సు కాబోతున్న నేను కూడా అదే అన్నాను. మా నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని లేపబోయింది. తల వెనక్కి వేలాడిపోయింది. "వీడు మెడ నిలపట్లేదే, నెలల పిల్లాడి మాదిరి" అంది.

అక్షరం రాని ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పినదాన్ని పుస్తకాలు ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటాయి. ఇదే నీ రెండో రాక. మొదటి దాడి తగ్గి, మనిషి మాట్లాడుతూ ఉండగా, 24 నుంచి 96 గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు. ముందు తల ఎత్తే కండలు పడిపోతాయి, తర్వాత భుజాలు, తొడలు, కళ్లు తిప్పేవీ మింగేవీ. చివరికి ఊపిరి తీసే కండలు. రోజుల తరబడి వరదలో నానిన కండ, వరద తీశాక కూడా కబురు అందుకోలేని స్థితికి చేరుతుంది. ఎట్రోపిన్ దీనికి పనికిరాదు, ఎంత పోసినా. కనిపెట్టడానికి స్కానింగూ అక్కర్లేదు. "దిండు మీంచి తలెత్తు" అనాలి. "గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఒక్క ఊపిరిలోనే ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టు" అనాలి. నిన్న ఇరవై దాకా లెక్కపెట్టినవాడు ఇవాళ ఎనిమిది దగ్గర ఆగితే, గొట్టం వేసే సామాను మంచం పక్కకి తెచ్చిపెట్టుకోవాలి. గొట్టం వేసేటప్పుడు కండ సడలించడానికి మామూలుగా వాడే సక్సినైల్‌కోలిన్‌తో ఇక్కడ జాగ్రత్త, దాన్ని ఒంట్లోంచి తీసేసే ఎంజైమునీ నువ్వు ముందే కట్టేసి ఉంటావు.

పుణేలో వాడియా, ఆయన తోటి డాక్టర్లు నీ బారిన పడ్డ రెండు వందల మందిని వరసగా చూసి, వెంటనే వచ్చే లక్షణాలు ఒక రకం, ఎట్రోపిన్‌కి లొంగకుండా వెనక వచ్చే పక్షవాతం రెండో రకం అని 1974లోనే రాశారు. శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరలియద్ద పదిమంది రోగుల కథ చెప్పి దానికి ఈ పేరు పెట్టింది 1987లో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో. నిన్ను తయారుచేసింది ఎక్కడో కానీ, నీ దొంగనడకని పసిగట్టింది ఈ నేల మీది వార్డుల్లోనే. మా బాబాయి నర్సింగ్ హోము నుంచి ఇంటికొచ్చేనాటికి ఆ వ్యాసానికి పదకొండేళ్లు. శ్రీలంక దారిలో సముద్రం అడ్డం వచ్చిందేమో మరి, మా టౌనుకి చేరలేదు.

పెద్దాసుపత్రికి చేరేసరికి ఊపిరి లెక్క అయిదు. గొట్టం వేశారు. వెంటిలేటర్లు ఖాళీ లేవు. రబ్బరు సంచి మా చేతికిచ్చి, ఇలా నొక్కుతూ ఉండండి అన్నారు. రెండు రాత్రులు, ఒక పగలు. మా నాన్న, బాబాయి బావమరిది, నేను, ట్రాక్టరు డ్రైవరు. నొక్కితే ఛాతీ లేచేది, వదిలితే పడేది. మధ్యలో ఎవరికన్నా కునుకు పడితే పక్క మంచం వాళ్లు కేకేసేవాళ్లు. బాబాయికి పూర్తి తెలివి ఉంది. కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, మేం మాట్లాడుకునేదంతా వింటున్నాడు. అప్పు ఎంత, షాపువాడు ఏమన్నాడు, ఎకరం అమ్మాలా అని మేము ఆయన తల దగ్గర నిలబడే మాట్లాడుకున్నాం. ఐసీయూలో ఇప్పటికీ నేను అరిచేది ఒక్క విషయానికే: మంచం దగ్గర అప్పుల మాటలు వద్దు, వాళ్లకి వినపడుతుంది.

మూడో రోజు వెంటిలేటరు దొరికింది. ఇంకో తొమ్మిది రోజులు దాని మీదే ఉన్నాడు. ఈ జబ్బుకి మందు ఊపిరే. కండలు తేరుకునేదాకా ఎవరో ఒకరు, ఏదో ఒకటి, మనిషి బదులు ఊపిరి తీసిపెట్టాలి. తీసిపెడితే వారం పదిరోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలు దాటాక, కండలు వాటంతట అవే తిరిగొస్తాయి. వచ్చాయి. ఇంటికొచ్చాడు. నాయనమ్మ కోటప్పకొండకి మొక్కు తీర్చుకొచ్చింది.

నీ మూడో రాకని ముందుగా చూసింది ఒక పదేళ్ల పిల్లాడు. బాబాయి బజారు నుంచి నడిచొస్తుంటే వెనకాల పరిగెత్తుకొచ్చాడు, చేతిలో హవాయి చెప్పు. "మావా, నీ చెప్పు." ఎప్పుడు జారిపోయిందో బాబాయికి తెలియదు. ఒంటికాలి చెప్పుతో వంద గజాలు నడిచాడు. అంతకుముందు వారం రోజులుగా పిక్కలు పట్టేస్తున్నాయి, అరికాళ్లలో చీమలు పాకుతున్నాయి అంటుంటే నీరసం అని కోడిగుడ్లు పెడుతున్నాం.

కాలవ భాషలోనే చెప్పాలంటే ఇది చివరి ఆయకట్టు కథ. నరాల్లో అన్నిటికన్నా పొడవైనవి నడుము నుంచి పాదం దాకా పోయేవి. నరం తీగని బాగుచేసుకునే ఎంజైము ఒకటి వేరే ఉంది. నీ వంశంలో కొందరు దాన్ని కూడా కట్టేస్తారు. తీగ కొస నుంచి ఎండుకుంటూ వస్తుంది. పాదం ముందు పోతుంది, ముదిరితే తర్వాత చేతివేళ్లు. విషం తిన్న రెండు మూడు వారాలకి, అందరూ మరిచిపోయాక. పాదం వేలాడుతుంది కాబట్టి మోకాలు ఎత్తెత్తి వెయ్యాలి. మా ఊళ్లో కోడినడక అన్నారు. తర్వాతెప్పుడో చదివాను, ఈ గుణం నీలో ఉందో లేదో పరీక్షించేది కూడా కోళ్ల మీదేనట. మనిషి లాగే కోడికి కూడా రోజులు గడిచాక కాళ్లు పడిపోతాయి. ఊరివాళ్ల ఎగతాళి శాస్త్రానికి అంత దగ్గరగా పోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

పంటల మందుగా రాకముందే నీ వంశం ఈ పని చేసింది. 1930లో అమెరికాలో మద్యనిషేధం నడుస్తుండగా, అల్లంసారాలో టీఓసీపీ అనే మీ జ్ఞాతి కలిసి వేలాదిమంది కాళ్లు పడిపోయాయి. తర్వాతా మానలేదు. 1959లో మొరాకోలో విమానాల నూనె కలిసిన వంటనూనెతో మరో పదివేల మంది. 1988లో కలకత్తా బేహాలాలో అదే టీఓసీపీ, ఈసారి వంటనూనెలో.

దీనికి విరుగుడు ఇంజెక్షను లేదు. ఫిజియోథెరపీ ఉంది, పాదాన్ని పైకి పట్టి ఉంచే చీలమండ పట్టీ ఉంది, ఓపిక ఉంది. నెలలు, కొందరికి ఏళ్లు. చేతులు ముందు తేరుకుంటాయి, పాదాలు ఆఖరున, అదీ పూర్తిగా కాదు. కొందరికి నరాల జబ్బు సర్దుకున్నాక వెన్నుపాము దెబ్బ బయటపడి కాళ్లు కర్రల్లా బిగుస్తాయి. బాబాయికి నేనే రోజూ మడమ పట్టుకుని పాదాన్ని మోకాలివైపు వంచేదాన్ని, ఇరవైసార్లు పొద్దున, ఇరవైసార్లు సాయంత్రం. హవాయి చెప్పుకి వెనక సైకిలు ట్యూబు ముక్క కుట్టించాం, జారిపోకుండా. ఇప్పటికీ అలాంటి చెప్పులే వేస్తాడు. మరుపు, నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి ఏడుపో కోపమో రావడం లాంటివి నీ మూలంగా కూడా రావచ్చని మాకెవరూ చెప్పలేదు. మనిషి మారిపోయాడనుకున్నాం, అంతే. పిన్ని చాలా పడింది.

ఇప్పుడు ఇంతకాలం ఎవరికీ చెప్పనిది ఒకటి రాస్తున్నాను. నా ఉద్యోగంలో ఏడో ఏటో ఎనిమిదో ఏటో, డ్యూటీ రూములో ఈ కాళ్లు పడిపోవడం గురించి చదువుతున్నాను. మందు కొట్టేటప్పుడు ఒంటికి పట్టినవాళ్లలో ఇది అరుదు, చాలావరకు నోట్లోంచి లోపలికి పోయినవాళ్లలో, అదీ ప్రాణం మీదికొచ్చి బతికినవాళ్లలో వస్తుందని ఉంది. పుస్తకం మూసేశాను. ఆ సాయంత్రం ట్రాక్టరు దగ్గరికి పరిగెత్తినప్పుడు కొట్టంలో మేకుకి పంపు వేలాడుతూ ఉండటం గుర్తొచ్చింది. పొడిగా ఉంది. చూసింది అప్పుడే, అర్థమైంది ఇన్నాళ్లకి.

బాబాయిని అడగలేదు. మందు కొడుతూ పడిపోయాడని ఊరికి చెప్పాం, పోలీసులకి చెప్పాం, చివరికి మేమూ నమ్మాం. మా వార్డులో సగం కేసుషీట్ల మీద అదే రాసి ఉంటుంది. చాలా ఏళ్లకి, కాలు వంచుతున్నప్పుడు ఆయనే అన్నాడు. "చావాలని కాదే అమ్మాయ్. అర నిమిషం కోపం. చెయ్యి చాపితే గూడు."

అది విన్నాకే నీకు ఈ ఉత్తరం రాయాలని అనిపించింది. అర నిమిషం కోపం లేని ఇల్లు నేను చూడలేదు. అది అందరికీ వస్తుంది, పోతుంది. ఆ అర నిమిషం నువ్వు మూరెడు దూరంలో ఉన్నావా, ఊరవతల తాళం వేసిన కొట్లో ఉన్నావా అన్నదాని మీద మిగతా కథంతా నడుస్తుంది. శ్రీలంకవాళ్లు ఇది ముందు గ్రహించారు. 1995లో మోనోక్రోటోఫాస్‌నీ మెథమిడోఫాస్‌నీ, 1998లో ఎండోసల్ఫాన్‌నీ ఆపేశారు. పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అక్కడి మనుషులకి కోపాలు తగ్గి కాదు, చేతికందేది మారి. మా దగ్గర 2005లో మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద కొట్టొద్దన్నారు. పత్తికని కొన్నది బెండకాయ మీదికి పోకుండా ఎవరు కాపలా కాస్తారు? 2023లో దాని 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఉన్న సరుకు వదిలించుకోవడానికి గడువు పెట్టి మరీ. నీ అన్నదమ్ములు ఇంకా బోలెడు మంది షాపుల్లో ఉన్నారు. నిన్ను పంటమీద కూడా లేకుండా చెయ్యొచ్చని ఖమ్మం వైపు పునుకుల రైతులు వేపగింజల కషాయంతో, లింగాకర్షక బుట్టలతో చేసి చూపించారు. దాని గురించి రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు, నేను నర్సుని.

నా పరిధిలో నేను చేస్తున్నది చెబుతాను. నీ మూలాన వచ్చినవాళ్లెవరినీ అయిదు రోజులు దాటకుండా నా వార్డు నుంచి కదలనివ్వను, డాక్టరుగారు సంతకం పెట్టినా సరే, ఒకమాట అడిగి ఆపుతాను. పొద్దునా సాయంత్రం దిండు మీంచి తల ఎత్తిస్తాను. ఇంటికి పంపేటప్పుడు పిన్నినో అక్కనో పక్కకి పిలిచి, మూడు వారాలపాటు చెప్పు జారుతోందేమో చూడమ్మా అంటాను. ముందు నవ్వుతారు. బాబాయి సంగతి చెబితే నవ్వరు. చీటీ వెనకాల రెండు నెంబర్లు రాసిస్తాను, అంబులెన్సుకి 108, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416. ఆ రెండోది ఎందుకు అని మగవాళ్లు అడుగుతారు, ఆడవాళ్లు అడగరు, మడిచి జాకెట్లో పెట్టుకుంటారు.

మా ఇంటి గూడు ఇప్పుడు లేదు. బాబాయి తాపీమేస్త్రీని పిలిపించి ఇటుకలు పెట్టి పూడ్పించాడు. సున్నం వేసినా ఆ చోటు గోడలో కొంచెం ఉబ్బెత్తుగా తెలుస్తూనే ఉంటుంది.

ఇట్లు,
మేల్ మెడికల్ వార్డులో పనిచేసిన ఒక స్టాఫ్ నర్సు

తా.క.: 2013లో బీహార్‌లో గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. అది చదివిన రోజు సాయంత్రం మా ఇంట్లో వెతికితే నీ పాత డబ్బా ఒకటి దొరికింది. పిన్ని దాన్ని శుభ్రంగా బూడిదతో తోమి, దాంట్లో కందిపప్పు పోసి పెట్టింది. పప్పు ఏటవతల పారబోశాం. డబ్బాకి ఇనపచువ్వతో నాలుగు వైపులా బొక్కలు పొడిచాను. కొత్త డబ్బా కొనిపెట్టేదాకా పిన్ని నాతో మాట్లాడలేదు.